టెస్టులో ఎవరి పేరు రాస్తాం?

కాకినాడలో సర్పవరం జంక్షన్‌కి దగ్గర్లో కూర్చుని వెబ్ తెరల కోడ్ చదవడం నా ఉద్యోగం. రాసేవాళ్ళు దాదాపు అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలే. ఒకరిది పిఠాపురం, ఒకరిది తాళ్ళరేవు, ఇంకొకరిది తుని. కోడ్‌తో పాటు దాన్ని పరీక్షించే టెస్టులూ వాళ్ళే రాస్తారు. ఆ టెస్టుల్లో ఫారమ్ నింపే మనిషి పేరు మాత్రం ఎప్పుడు చూసినా జాన్ డో. ఇంగ్లిష్‌లో ఏడు అక్షరాల పేరు. ఇంటిపేరు చివర్న ఉంటుంది. ఒత్తు లేదు, గుడి లేదు, దీర్ఘం లేదు. పెట్టెలో చక్కగా పడుతుంది, టెస్టు పాసవుతుంది, కోడ్ ముందుకి వెళ్ళిపోతుంది.

ఈ పేరు దగ్గరే నా పట్టింపంతా. తెర ఎవరెవరికి పనిచేయాలన్నది టెస్టులో పేరు రాసే చోటే తేలిపోతుందని నా నమ్మకం. అక్కడ మన పేరు లేకపోతే, మన పేరుతో వచ్చినవాళ్ళకి ఆ తెర పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వనట్టే.

ఈ వృత్తిలో లేనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్పాలి. మనం ఫోన్లో చూసే పేజీ ఒకే ముద్దగా తయారవదు. పేరు రాసే పెట్టె ఒక ముక్క, తేదీ ఎంచుకునే క్యాలెండర్ ఒక ముక్క, మన పేరులో మొదటి అక్షరం చూపించే గుండ్రటి బొమ్మ ఒక ముక్క, కింద 'పంపండి' అనే బటన్ మరో ముక్క. వీటినే కాంపొనెంట్లంటారు. యూనిట్ టెస్టంటే ఆ ముక్కని విడిగా తీసుకుని, దానికి ఏదో ఒకటి ఇచ్చి, నొక్కాల్సింది నొక్కి, ఇప్పుడు తెర మీద ఫలానాది కనబడాలి అని రాసిపెట్టడం. రాసింది మనిషైనా చూసేది యంత్రం. కోడ్‌లో ఎవరు ఏ మూల చెయ్యి పెట్టినా ఆ టెస్టు మళ్ళీ నడుస్తుంది. రాసిన పిల్లాడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్ళిపోయాక కూడా వాడు రాసిన మాట ఇక్కడ రోజూ అమలవుతూనే ఉంటుంది. అందుకే దాన్ని నేను కోడ్ కన్నా శ్రద్ధగా చదువుతాను.

ఈ అలవాటు ఎక్కడిదంటే, 1994లో కెంట్ బెక్ స్మాల్‌టాక్ భాష కోసం ఎస్‌యూనిట్ అనే చిన్న పనిముట్టు చేశాడు. 1997లో జూరిక్ నుంచి అట్లాంటా వెళ్ళే విమానంలో ఎరిక్ గామా, అతనూ కూర్చుని అదే ఆలోచనని జావాకి తెచ్చారు. అదే జేయూనిట్. తెరల వంతు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. వడ్డీ లెక్కగట్టే ఫంక్షన్‌ని పరీక్షించడం తేలిక, అసలూ రేటూ ఇస్తే ఫలానా అంకె రావాలి. తెరకి అలా కుదరదు. దానికి బ్రౌజర్ కావాలి, నొక్కే వేలు కావాలి, చూసే కన్ను కావాలి. బ్రౌజర్ తెరవకుండానే పేజీని కంప్యూటర్ మెమరీలో నిలబెట్టే జేఎస్‌డామ్ వచ్చింది. 2013లో రియాక్ట్ వచ్చి తెరని ముక్కలుగా ఆలోచించడం నేర్పింది. 2014లో టెస్టులు నడిపే జెస్ట్ వచ్చింది. అప్పటికి గానీ ఈ పని మామూలు ప్రోగ్రామర్ చేతికి అందలేదు.

ఇక మా గుండ్రటి బొమ్మ సంగతి. ఫొటో పెట్టుకోనివాళ్ళకి పేరులోని మొదటి అక్షరాలు తీసి రంగు వృత్తంలో చూపించడం ఇప్పుడు అన్ని చోట్లా ఉన్నదే. జాన్ డో ఇస్తే జే, డీ వస్తాయి. కోడ్ ఒక్క వరుస. పేరుని మాటలుగా విడదియ్యి, ఒక్కో మాటలో మొదటిది తియ్యి, కలిపి చూపించు. చదివితే తప్పు కనబడదు.

అదే కాంపొనెంట్‌కి శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇచ్చి చూడండి. రావాల్సింది శ్రీశ్రీ. తెలుగువాడికి ఇందులో రెండో ఆలోచన లేదు, ఆ రెండక్షరాలతోనే ఒక మహాకవిని గుర్తుపడుతున్నాం. తెర మీద వచ్చేది 'శశ'. కాళీపట్నం రామారావు ఇస్తే కారా రావాలి, 'కర' వస్తుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇస్తే రావి రావాల్సిన చోట 'రవ' వస్తుంది. పొడి అక్షరాలు కుదించడంలో మన పద్ధతి మనకుంది. గుడినీ ఒత్తునీ వదిలేసి తెలుగులో ఎవరూ పేరు కుదించరు.

ఎందుకిలా అవుతుందంటే, కంప్యూటర్ దృష్టిలో 'శ్రీ' ఒక అక్షరం కాదు. శ, దాని మీద పొల్లు, ర, దీర్ఘం, మొత్తం నాలుగు. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పటి నుంచీ తెలుగుని దాచే పద్ధతి ఇదే. పద్ధతిలో తప్పేమీ లేదు, తక్కువ గుర్తులతో వేల అక్షరాల్ని రాయగలుగుతున్నాం. మొదటిది తియ్యి అన్నప్పుడు ఆ నాలుగింటిలో మొదటిదైన 'శ' ఒక్కటే చేతికొస్తుంది. మనిషి చదివే అక్షరాల్ని గుర్తుపట్టి విడదీయడానికి జావాస్క్రిప్ట్‌లో ఇప్పుడు సెగ్మెంటర్ అనే పనిముట్టుంది. దానిలోనూ ఒక మెలిక. యూనికోడ్ పాత నియమాల ప్రకారం 'శ్రీ' ఒక ముక్క కాదు, 'శ్' ఒకటీ 'రీ' ఒకటీ. ఒత్తక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకి 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో గానీ ప్రమాణంలోకి చేరలేదు. అంటే అదే కోడు ఒక కంప్యూటర్లో 'శ్రీశ్రీ' అనీ, పాత కూర్పు ఉన్న మరో కంప్యూటర్లో 'శ్శ్' అనీ చూపించే వీలుంది. టెస్టు రాసి ఉంటే ఏ యంత్రం మీద తేడా వస్తోందో ఆ రోజే తెలుస్తుంది. రాయకపోతే, ఎక్కడో ఒకామె తన ఫోన్లో తన పేరు బదులు ఇంకేదో అక్షరం చూసుకుని, ఇది ఇంతేలే అనుకుని ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే నాకు బాధ. ఫిర్యాదు రాదు కాబట్టి తప్పు లేదనుకుంటాం.

ఇప్పుడు పేరు రాసే పెట్టె. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన పిఠాపురం అమ్మాయి ఆ పెట్టెకి టెస్టు రాసింది. నీటుగా రాసింది. పేరు జాన్ డో.

"మీ ఇంట్లో వాళ్ళ పేరేదైనా పెట్టి చూడమ్మా" అన్నాను.

"జాన్ డో అయితే అందరికీ అర్థమవుద్ది కదండీ" అంది.

"అర్థమవడానికి కాదమ్మా, ఆ పెట్టెలో పడుతుందో లేదో చూడ్డానికి."

వాళ్ళ తాతగారి పేరు కొట్టింది. ఈ జిల్లాలో వీధికొకరికి ఉండే పేరది. అన్నవరం దేవుడి పేరు, వీర వెంకట సత్యనారాయణ. నోటితో లెక్కపెడితే 11 అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో ఖాళీలతో కలిపి 20. పెట్టెకున్న హద్దూ 20. ముందు ఇంటిపేరు రాస్తే దేవుడి పేరు మధ్యలో ఆగిపోతుంది. ఇంగ్లిష్‌లో రాద్దామా అంటే ఇంటిపేరు లేకుండానే 27 దాకా పోతుంది. అలా తెగిన చోట ఒత్తు ఉందనుకోండి, 'సత్య' కాస్తా 'సత్' దగ్గర నిలిచిపోయి పొల్లు వేలాడుతుంది.

ఇక్కడ టెస్టు రాసే తీరు కూడా లెక్కలోకొస్తుంది. పెట్టెలో మాట పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఫైర్ ఈవెంట్. పేరంతా ఒక్కసారిగా పెట్టెలో కుక్కేస్తుంది, హద్దుతో దానికి పనిలేదు. రెండోది యూజర్ ఈవెంట్. మనిషి కొట్టినట్టే ఒక్కో మీటా నొక్కుతుంది, హద్దు వస్తే ఆగిపోతుంది. మొదటి దారిలో ఇంటిపేరుతో కలిపిన తాతగారి పేరుతో కూడా టెస్టు పాసయింది. రెండో దారిలో ఫెయిలయింది. ఆ ఎర్ర గీత చూసి ఆ అమ్మాయి మొహంలో వచ్చిన మార్పు నాకిష్టం. టెస్టంటే ఆఫీసు వాళ్ళు అడిగే కాగితం పని అన్న భావన పోయి, తన ఇంటి మనిషికి అడ్డుపడుతున్న గోడ కనబడింది.

హద్దు ఒక్కటే కాదు, ఏ అక్షరాలు రానివ్వాలన్న నియమం కూడా ఆ పెట్టెకి ఉంటుంది. ఏ నుంచి జెడ్ దాకా ఇంగ్లిష్ అక్షరాలే అనడం పాత మోటు పద్ధతి. కాస్త తెలిసినవాళ్ళు ఏ భాష అక్షరమైనా పర్వాలేదని చెప్పే యూనికోడ్ నియమం వాడతారు. ఉదారంగా కనబడుతుంది. దాన్ని పరీక్షించడానికి ఒక తెలుగు పేరు పెడదామని ఎవరో 'కమల' అని రాస్తారు. పాస్. 'రమణ' అని రాస్తారు. పాస్. 'వనజ' కూడా పాస్. తెలుగు పనిచేస్తోందని అందరూ సంతోషిస్తారు. 'సీత' అని కొట్టండి, తిప్పి పంపేస్తుంది. 'రాము', 'పద్మ', 'గంగ', అందరినీ తిప్పి పంపుతుంది. ఎందుకంటే యూనికోడ్ వర్గీకరణలో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాల కింద రావు, అవి 'చిహ్నాలు' అనే వేరే వర్గం. అచ్చమైన తలకట్టు అక్షరాలతో మాత్రమే ఉన్న పేర్లకే ఆ తలుపు తెరుచుకుంటుంది. కమలని పెట్టి పరీక్షించినవాళ్ళు సీతకి అన్యాయం చేశారని అంటే ఎక్కువ చేసి చెప్పినట్టు ఉంటుందేమో గానీ, జరిగేది అక్షరాలా అదే. మా ఊరి పేరే చూడండి, కాకినాడ. చదివితే నాలుగక్షరాలు, దాస్తే ఏడు గుర్తులు, అందులో మూడు ఆ నియమానికి నచ్చనివి.

పేర్ల వరుస సంగతి వేరే. మనకి ఇంటిపేరు ముందు. రికార్డుల్లో అది చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే ఉంటుంది. రెండక్షరాలకి తగ్గకూడదన్న పెట్టె ఆ అక్షరాన్ని ఒప్పుకోదు. అసలు ఇంటిపేరు రాసుకోని మనుషులున్నారు, ఒకటే పేరు. వాళ్ళు ఆ రెండో పెట్టెలో చుక్క పెడతారు, లేదా ఉన్న పేరునే రెండోసారి రాస్తారు. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళకి అమెరికా వీసాలో ఆ ఉన్న పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. తొలి పేరు తెలియదని దానర్థం. అక్కడికి చేరిన మన పిల్లలు బ్యాంకులోనూ లైసెన్సు ఆఫీసులోనూ ఆ మూడక్షరాల పేరు గురించి వివరణ ఇచ్చుకుంటూ ఉంటారు.

ఇది ఎక్కడో దూరపు సమస్య కాదు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలైంది మాకు కూతవేటు దూరంలో ఉన్న కరపలోనే. ఈ రోజు పల్లెల్లో మనిషికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్నది ఒక వెబ్ ఫారమ్. దాన్ని నింపేది ఆ మనిషి కూడా కాదు, కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి. పేరు పట్టకపోతే ఆ ఉద్యోగి ఏదో ఒకటి తగ్గించి కొడతారు, రెండు కాగితాల్లో పేరు రెండు రకాలుగా ఉంటుంది. దాని కోసం తర్వాత ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాళ్ళకే తెలుసు. ఏ ఊళ్ళో ఎవరు తయారుచేసిన ఫారమ్‌కైనా ఇది వర్తిస్తుంది. అందుకే పెట్టె హద్దు 20 ఉండాలా 60 ఉండాలా అన్నది నాకు సాంకేతిక విషయంగా అనిపించదు.

తెలుగు అక్షరం టెస్టుల్లో లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఐఫోన్ల ఐఓఎస్ 11.2.5లో ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే ఆ యాప్ కూలిపోయేది. వాట్సాప్, మెసెంజర్, జీమెయిల్ లాంటివి. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ తెర సైతం పడిపోయేది. ఆ అక్షరం చూడ్డానికి 'జ్ఞా'. లోపల మాత్రం జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘం. అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఆ వరుస వచ్చేసరికి అక్షరాల్ని పేర్చే కోడ్ తడబడేది. బెంగాలీలోనూ దేవనాగరిలోనూ ఇలాంటి వరుసలు కొన్ని అదే పని చేశాయి. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. అప్పట్లో వార్తలన్నీ దాన్ని 'తెలుగు బగ్' అన్నాయి, ఫోన్లని చంపే అక్షరం అన్నాయి. నాకది ఇప్పటికీ మనసు కష్టపెట్టే మాట. తప్పు అక్షరానిది కాదు. కోట్ల మంది రాసే లిపిలో వచ్చే ఒక వరుసని, విడుదలకి ముందు ఎవరూ ఆ కోడ్‌కి ఇచ్చి చూసినట్టు లేదు, అంతే. అంత పెద్ద సంస్థలోనే ఆ ఖాళీ ఉందంటే, నలుగురు కూర్చుని చేసే మా తెరల్లో ఎన్ని ఉంటాయో అని వెతుకుతూనే ఉంటాను.

టెస్టులు ఉన్నాయి కదా, కవరేజ్ 95 శాతం ఉంది కదా అని మేనేజర్లు అంటారు. కవరేజ్ లెక్కపెట్టేది కోడ్ వరుసల్ని. జాన్ డో పేరుతో నడిపినా ఆ గుండ్రటి బొమ్మ కోడ్‌లో ప్రతి వరుసా నడుస్తుంది, నూటికి నూరు శాతం వస్తుంది. ఏ వరుస నడిచిందో ఆ అంకె చెబుతుంది, ఎవరి కోసం నడిచిందో చెప్పదు. తెరలు కట్టే ఆంగ్యులర్ అనే పనిముట్టులో కాంపొనెంట్ పుట్టించగానే దానితో పాటు ఒక టెస్టు ఫైలు కూడా పుడుతుంది. ఈ కాంపొనెంట్ తయారవుతోందా అని మాత్రమే అందులో ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసిన ఫైళ్ళు నేను చాలా చూశాను. ఉన్నదానికీ లేనిదానికీ తేడా లేదు.

స్నాప్‌షాట్ టెస్టులంటే నాకు ఇంకా అనుమానం. 2016లో జెస్ట్ తెచ్చిన పద్ధతి ఇది. మొదటిసారి కాంపొనెంట్ ఏం చూపిస్తే దాన్ని యథాతథంగా ఫైల్లో దాచి, తర్వాత నుంచి దానితో పోల్చి చూస్తుంది. ఇంజినీరింగ్ ల్యాబుల్లో జవాబు ముందే తెలుసు కాబట్టి రీడింగుల్ని వెనక నుంచి లెక్కేసి రికార్డులో రాసేయడం చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. స్నాప్‌షాట్ సరిగ్గా అలాంటి రికార్డు. ఏం రావాలో ఎవరూ ఆలోచించలేదు, వచ్చినదాన్నే రావాల్సిందిగా రాసుకున్నారు. మొదటి రోజు 'శశ' వస్తే 'శశ'యే సత్యమై కూర్చుంటుంది. ఆరు నెలల తర్వాత ఎవరో శ్రద్ధగా దాన్ని 'శ్రీశ్రీ'గా సరిచేస్తే టెస్టు ఫెయిలవుతుంది! పెద్ద టేబుళ్ళు, మారని పేజీలు ఉన్నచోట స్నాప్‌షాట్లకి ఉపయోగం ఉందని ఒప్పుకుంటాను. మనిషి పేరున్న చోట మాత్రం ఏం రావాలో మనిషే ముందుగా రాయాలి.

ఏం రావాలో రాయడంలోనూ ఎవరి వైపు నుంచి చూస్తున్నామన్నది ముఖ్యం. 2018లో కెంట్ సి. డాడ్స్ తెచ్చిన టెస్టింగ్ లైబ్రరీ ఈ విషయంలో మా పని తీరునే మార్చింది. అంతకు ముందు టెస్టులు కాంపొనెంట్ కడుపులో చెయ్యి పెట్టి, లోపలి స్టేట్ ఫలానా విలువ అయిందా అని అడిగేవి. ఈ లైబ్రరీ ఆ దారి మూసేసింది. తెర ముందున్న మనిషికి ఏది దొరుకుతుందో అదే టెస్టుకీ దొరకాలి. 'పంపండి' అనే పేరున్న బటన్ కావాలి అని అడగాలి. 'పుట్టిన తేదీ' అన్న లేబుల్ ఉన్న పెట్టె కావాలి అని అడగాలి. ఇలా అడగడంలో ఒక మేలుంది. చూపు లేనివాళ్ళు వాడే స్క్రీన్ రీడర్ కూడా పేజీని ఇవే పేర్లతో, ఇవే పాత్రలతో చదువుతుంది. బటన్‌లా కనబడే రంగు డబ్బా గీసి దానికి క్లిక్ తగిలిస్తే చూపున్నవాళ్ళు నొక్కగలరు, స్క్రీన్ రీడర్‌కి అక్కడ బటనే లేదు. టెస్టుకీ దొరకదు, ఫెయిలవుతుంది. చెత్తబుట్ట బొమ్మ మాత్రమే ఉండి పేరు లేని బటన్ కూడా అంతే. పేజీ ఇంగ్లిష్‌లో ఉండి మధ్యలో తెలుగు మాటలుంటే ఆ ముక్కకి భాష తెలుగని గుర్తు పెట్టాలి, లేకపోతే రీడర్ ఆ మాటల్ని ఇంగ్లిష్ గొంతుతోనే చదవబోతుంది. ఆ గుర్తు ఉందో లేదో చూడ్డానికి ఒక్క వరుస టెస్టు చాలు. మా దగ్గర అది తప్పనిసరి చేయించాను.

తేదీల గురించి క్లుప్తంగా. 2025 జనవరి 14 సంక్రాంతి. ఆ తేదీని సంవత్సరం, నెల, రోజుగా రాసి జావాస్క్రిప్ట్‌కిస్తే దాన్ని గ్రీనిచ్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. కాకినాడలో 14 అనే చూపిస్తుంది. డాలస్‌లో ఉన్న అబ్బాయి ఫోన్లో 13, అంటే భోగి. ఇటు నుంచి ఇంకో తప్పు. ఇక్కడి క్యాలెండర్లో 14 నొక్కితే, మన అర్ధరాత్రి గ్రీనిచ్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర కాబట్టి సర్వర్‌కి 13 వెళ్తుంది. టెస్టులు నడిచే యంత్రాల గడియారం మామూలుగా గ్రీనిచ్ సమయంలోనే ఉంటుంది, దానికి ఈ రెండు తప్పుల్లో ఏదీ కనబడదు. తల్లిదండ్రులు ఇక్కడా పిల్లలు అక్కడా ఉన్న ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో. క్యాలెండర్ టెస్టుల్ని కోల్‌కతా సమయంలో (మనది అదే) ఒకసారి, షికాగో సమయంలో (డాలస్‌ది అదే) ఒకసారి నడపమని నేను పట్టుబట్టేది వాళ్ళ కోసమే.

టెస్టులతో అన్నీ దొరుకుతాయని నేననను. టెస్టులు తప్పు ఉందని చూపించగలవు, లేదని చూపించలేవని డైక్‌స్ట్రా 1969లోనే చెప్పాడు. జేఎస్‌డామ్‌కి మాటలు తెలుసు, కొలతలు తెలియవు. ఏ డబ్బా ఎంత ఎత్తుందని అడిగితే సున్నా అంటుంది. 'రాష్ట్రం' అనే మాటలో కింద రెండు ఒత్తులున్నాయి. ఇంగ్లిష్‌కి సరిపోయే ఎత్తులో బటన్ గీస్తే అవి సగానికి తెగిపోతాయి. యూనిట్ టెస్టు మాత్రం మాట ఉందిగా అని పాస్ చేస్తుంది. దానికి ప్లేరైట్ లాంటి పనిముట్టుతో నిజం బ్రౌజర్ తెరిచి ఫొటో తీసి పోల్చాలి. అక్కడా జాగ్రత్త కావాలి. టెస్టు నడిచే లినక్స్ యంత్రంలో తెలుగు ఫాంట్ లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తాయి. నిన్నటి డబ్బాల ఫొటోని ఇవాళ్టి డబ్బాల ఫొటోతో పోల్చి, రెండూ ఒకటేనని పచ్చ గీత పెడుతుంది. నోటో సాన్స్ తెలుగు ఎక్కించి, ఒకసారైనా మనిషి కళ్ళతో చూడాలి.

ఇప్పుడు మా దగ్గర అందరికీ ఉమ్మడిగా ఒక పేర్ల ఫైలుంది. ఏ కాంపొనెంట్‌కి టెస్టు రాసినా పేర్లు అందులోంచే తీసుకోవాలి. జాన్ డో అందులోనే ఉన్నాడు, ఆయన్ని తీసేయలేదు. ఆయన పక్కన అన్నవరం సత్యనారాయణ పేరుంది, ఒక్క మాట పేరుంది, పొడి అక్షరం ఇంటిపేరుంది. మన పేర్లతో ఆపేస్తే న్యాయం కాదనిపించి ఇంకొన్ని చేర్చాం. జగన్నాథపురంలో ఉర్దూలో పేరు రాసుకునేవాళ్ళుంటారు. కుడి నుంచి ఎడమకి సాగే పేరు పొడుగైతే చివర చుక్కలు ఏ పక్కన రావాలన్నది ఆ పేరు పెట్టాకే మాకు ఆలోచనకొచ్చింది. ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లలో యానాం, 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలో ఉన్న ఊరు. ఫ్రెంచి స్పెల్లింగుతో రాసే పేర్లలో అక్షరం మీద గీత ఉంటుంది. ఆ గీతతో కలిపి ఒకే గుర్తుగా దాచొచ్చు, అక్షరాన్నీ గీతనీ విడివిడిగానూ దాచొచ్చు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి వేర్వేరు పేర్లు. పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపంలోకి తేవాలి.

మొన్న పిఠాపురం అమ్మాయి ఆ ఫైల్లో నాకు తట్టని పేరు ఒకటి చేర్చింది, రాజ్‌కుమార్. గుణింతాల్నీ పొల్లునీ రానిచ్చేలా మేం దిద్దుకున్న నియమం కూడా దాన్ని తిప్పి పంపింది. జకీ కకీ మధ్య ఆ కంటికి కనబడని నాన్ జాయినర్ ఉంది, ఐఫోన్ కథలో ఉన్నదే. అది లేకపోతే పేరు రాజ్కుమార్ అయిపోయి కకారం ఒత్తుగా కిందికి దిగుతుంది. కొందరు ప్రోగ్రామర్లు భద్రత పేరుతో కనబడని గుర్తులన్నీ ఊడ్చేస్తారు, దాంతో ఆ పేరూ పోతుంది. పెట్టె దాన్ని రానివ్వాలని నిర్ణయించాం, ఆ టెస్టు పాసయింది. వెతికే పెట్టె దగ్గర ఇంకా పని మిగిలింది. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళు ఏ కీబోర్డుతో కొట్టినా, గుర్తు ఉన్నా లేకపోయినా, ఆ మనిషి రికార్డు దొరకాలి. దాచేటప్పుడు పేరు ఉన్నదున్నట్టు ఉంచి, వెతకడానికి మాత్రం గుర్తు తీసేసిన నకలు ఒకటి పక్కన పెట్టుకుందామని ఆ అమ్మాయి అంటోంది. టెస్టు ముందు రాసింది, ఇంకా ఎర్రగానే ఉంది. కోడ్ ఈ వారం రాస్తాం.